అప్‌డేట్ టాస్క్: ప్రతిపదార్థ, తాత్పర్య, విశేషాంశ సహితం

మూలం: "అప్‌డేట్_టాస్క్: టాస్క్‌ను అప్‌డేట్ చేస్తుంది."

అవతారిక: కర్త అజ్ఞాతుడు. కాలం మాత్రం ఊహించవచ్చు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను విడుదల చేశాక, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటిగా తమ టూల్స్‌ను ఏఐ ఏజెంట్ల చేతికివ్వడం మొదలుపెట్టాయి. టూల్‌కు పేరు, డిస్క్రిప్షన్, అది అడిగే ఫీల్డుల పట్టిక ఉంటాయి. లోపలి కోడ్ ఏజెంటుకు కనబడదు. ఈ మూడూ చదివే ఏ టూల్ వాడాలో తేల్చుకుంటుంది. పై మూలం అలాంటి ఒక టూల్ పేరు, డిస్క్రిప్షన్. శైలిని బట్టి ఈ మూలం అమీర్‌పేట మైత్రీవనం దగ్గర లంచ్ బ్రేక్‌కు ముందు పుట్టిందని ఒక వర్గం వాదన. కాదు, పంజాగుట్టలో రిలీజ్ రోజు అర్ధరాత్రి పుట్టిందని మరో వర్గం. ఇలాంటి వాక్యం ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది గనక తగవు తేలలేదు.

ప్రతిపదార్థం: టాస్క్‌ను = ఏదో ఒక టాస్క్‌ను; అప్‌డేట్ = ఏదో ఒక మార్పు; చేస్తుంది = చేస్తుందని ఆశ.

తాత్పర్యం: స్పష్టము. (చెప్పడానికేమీ లేనప్పుడు వ్యాఖ్యాతలు ఇలా రాసి తప్పుకోవడం ఉన్నదే.)

విశేషాలు: వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని మన తార్కికులు ఏనాడో చెప్పారు. మూలం మూడు పేపర్లూ తప్పింది.

ఆకాంక్ష సంగతి. 'అప్‌డేట్' అనగానే 'దేన్ని?' అని శ్రోత ఎదురుచూస్తాడు. గడువా, బాధ్యుడా, స్టేటస్సా? జీరా అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. ఇది తాలింపులోది కాదు, గాడ్జిల్లాకు జపాను పేరైన 'గోజిరా' తల తీసేస్తే మిగిలింది. అందులో టైటిల్ మార్చే దారి వేరు, స్టేటస్ మార్చే దారి వేరు. స్టేటస్ గడిలో 'డన్' అని నేరుగా రాస్తే ఏపీఐ ఒప్పుకోదు. టాస్క్ ఇప్పుడున్న చోటు నుంచి ఆ వర్క్‌ఫ్లోలో ఎక్కడెక్కడికి వెళ్లవచ్చో ముందు అడగాలి, వచ్చిన ట్రాన్సిషన్లలో ఒకదాని ఐడీ ఇవ్వాలి. మూలంలో ఈ ఊసే లేదు.

యోగ్యత అంటే మాటల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం. అది లేకపోవడానికి పాత ఉదాహరణ నిప్పుతో తడపడం. 'శ్రీనివాస్‌కి అసైన్ చెయ్' అన్నది దానికి తోబుట్టువు. అమీర్‌పేట ఆఫీసులో శ్రీనివాస్ అని పిలిస్తే ముగ్గురు తలెత్తుతారు. జీరా క్లౌడ్‌కు పేరుతో పనిలేదు, అకౌంట్ ఐడీ కావాలి. ఆ ఐడీ ఏ టూల్‌తో వెతకాలో చెప్పకపోతే ఏజెంటు తోచింది పెడుతుంది. తేదీలదీ ఇదే తంతు: 05/06 అంటే పంజాగుట్టలో జూన్ ఐదు, డల్లాస్‌లో మే ఆరు.

ఇక సన్నిధి, అంటే మాటలు వెంటవెంటనే ఉండడం. పొద్దున 'ఆవును' అని, సాయంత్రం 'తోలుకురా' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'అవన్నీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి కదండీ' అంటారు డెవలపర్లు. ఉన్నాయి, ఏజెంటు చదివే చోట తప్ప.

శ్లేష కూడా ఉంది. ట్రెల్లో అనే మరో సాఫ్ట్‌వేర్ ఏపీఐలో కార్డు 'క్లోజ్డ్' అంటే ఆర్కైవ్ అయిందని అర్థం. పని మిగిలున్నా సరే, కార్డు బోర్డు మీంచి మాయమవుతుంది. జీరాలో 'క్లోజ్డ్' సాధారణంగా పని ముగిసిందని చెప్పే స్టేటస్. ఒకే ఏజెంటు రెండింటితోనూ పనిచేస్తుంటే, ఇక్కడ ఏ అర్థమో డిస్క్రిప్షనే చెప్పాలి.

పాఠంలో లేని మాటను తెచ్చి నింపుకోవడం అధ్యాహారం. పక్క సీటు కుర్రాడైతే 'స్టేటస్ మార్చడమే కదా అన్నా?' అని అడిగి నింపుకుంటాడు. ఏజెంటు చాలాసార్లు అడగకుండానే నింపేసుకుని ముందుకు వెళ్తుంది. కొత్త తప్పులు ఇక్కడ పుడుతున్నాయి.

అలాగని డాక్యుమెంటేషన్ మొత్తం తెచ్చి అతికించే వ్యాఖ్యాతలూ ఉన్నారు. వాళ్లతో మరీ ప్రమాదం. కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాటిచ్చాడు. టూల్ డిస్క్రిప్షన్లు సాధారణంగా ప్రతి అభ్యర్థనతో పాటు మోడల్ ముందుకు వెళ్తాయి, టోకెన్లు తింటాయి. నలభై టూల్స్‌కు తలా ఒక పేజీ రాస్తే అసలు ప్రశ్న అడుగున పడుతుంది. కొన్ని డిస్క్రిప్షన్లయితే అమీర్‌పేట ఆదిత్య ఎన్‌క్లేవ్ కోచింగ్ బోర్డుల్లా 'శక్తిమంతమైన, సమగ్రమైన' అంటూ మొదలవుతాయి. ఆ విశేషణాలు చదివి ఏజెంటు కోర్సులో చేరదు.

సవరించిన పాఠం: "ఇప్పటికే ఉన్న ఒక టాస్క్ టైటిల్‌ను, గడువును, బాధ్యుణ్ని మారుస్తుంది. స్టేటస్ మార్చదు, అందుకు చేంజ్_స్టేటస్ వాడాలి. టాస్క్ కీ తప్పనిసరి, ఉదాహరణకు హెచ్‌వైడీ-142. తెలియకపోతే ముందు సెర్చ్_టాస్క్స్ వాడాలి. బాధ్యుడికి పేరు కాదు, అకౌంట్ ఐడీ ఇవ్వాలి. ఒకే పేరుతో ఇద్దరుంటే యూజర్‌ను అడగాలి. గడువు ఏడాది-నెల-రోజు వరసలో, ఉదాహరణకు 2025-06-05. పంపని ఫీల్డులు మారవు."

రాసేవారికి ఒక మనవి. రివ్యూకు పంపేముందు, టీమ్ చాట్‌లో జనం నిజంగా అనే మాటలు, 'ఆ లాగిన్ బగ్ శుక్రవారానికి నెట్టెయ్' లాంటివి, ఓ పది ఏజెంటుకిచ్చి ఏ టూల్‌ను పిలుస్తుందో లాగ్‌లో చూడండి. తప్పు టూల్‌ను పిలిచిన చోట, మోడల్‌ను తిట్టే ముందు డిస్క్రిప్షన్‌లోని వాక్యాలు మార్చి చూడండి.