బఫర్ సీసా దగ్గర చెవిన పెట్టకూడని సలహాలు

"పీహెచ్ 10 వస్తే చాలు కదా, రెండు చుక్కలు కాస్టిక్ సోడా వేసెయ్." నీటి కఠినత్వం పరీక్షకు కొత్తగా కూర్చున్నవాళ్లు ముందుగా వదిలించుకోవాల్సిన సలహా ఇది. ఏలేరు నుంచి కాలువ దారిన కణితి రిజర్వాయరుకు చేరే నీళ్లు విశాఖ ఉక్కు కర్మాగారానికి ప్రాణం. వాటిలోని కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టించుకోకపోతే బాయిలర్ గొట్టాల్లో స్కేలు కడుతుంది. అంత బరువున్న పరీక్షను చుక్కలతో తేల్చేయకండి.

లెక్క వేసి చూడండి. బ్యూరెట్‌లోని ఈడీటీఏ ఒక్కో కాల్షియం అయాన్‌ను పట్టుకుంటూ రెండేసి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్లు 50 మిల్లీలీటర్లు తీసుకుంటే అలా వదిలే హైడ్రోజన్ అయాన్లు 0.3 మిల్లీమోల్ అవుతాయి. కాస్టిక్‌తో 10కి తెచ్చిన అన్నే నీళ్లలో విడిగా ఉండే హైడ్రాక్సైడ్ 0.005 మిల్లీమోల్. అరవయ్యో వంతు! మీటరులో 10 కనబడుతుంది గానీ వెనక నిల్వ లేదు. అదే రెండు మిల్లీలీటర్ల అమ్మోనియా బఫర్ పోస్తే పదిహేను మిల్లీమోల్‌కు పైగా అమ్మోనియా సిద్ధంగా ఉంటుంది. వచ్చిన హైడ్రోజన్ అయాన్లను కలుపుకుని అందులో కొద్దిపాటి అమ్మోనియం అవుతుంది. రెంటి నిష్పత్తి దాదాపు కదలదు, పీహెచ్ నిలబడేది ఆ నిష్పత్తి మీదే.

తయారీకి 17.5 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్‌ను 142 మిల్లీలీటర్ల గాఢ అమ్మోనియాలో కరిగించి, డిస్టిల్డ్ వాటర్‌తో 250 మిల్లీలీటర్లకు తేవాలి. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. మన ఎండల్లో అమ్మోనియా సీసా లోపల ఒత్తిడి పెరిగి ఉంటుంది, చల్లార్చాకే మూత తీయండి.

పాత బఫర్ సీసా చూపించి "ఘాటు తగ్గింది, ఇప్పుడే వాడుకోవడానికి బాగుంది" అంటే నమ్మకండి. పోయిన ఘాటు అమ్మోనియాదే, దాంతోపాటు పీహెచ్ కూడా దిగుతుంది. సూచికగా వేసిన ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వైన్ ఎరుపు నుంచి తేటనీలానికి ఠక్కున మారకుండా ఊదారంగులో తచ్చాడుతుంటే ముందు ఆ సీసానే అనుమానించండి.

"పదికి పైనైతే ఇంకా మంచిది" అనేదీ తప్పే. పీహెచ్ మరీ పెరిగితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా విడిపోయి లెక్కకు అందదు.

"అన్ని ఫ్లాస్కుల్లో ఒకేసారి బఫర్ పోసుకుని టీ తాగి రా" అన్నా వెళ్లకండి. పీహెచ్ పెరిగిన నీళ్లలో కాల్షియం కార్బొనేట్ పేరుకోవడం మొదలవుతుంది. ఒక ఫ్లాస్కులో పోయండి, అయిదు నిమిషాల్లోపు టైట్రేషన్ ముగించండి, తర్వాతే రెండోదానికి బఫర్ పోయండి.