నల్లా రాని ఇంటికి లండన్ నుంచి వేడినీళ్లు

ఈ చలికాలం పాతబస్తీలోని లాల్‌దర్వాజా, గౌలిపురా గల్లీల్లోకి కొత్త హోదా ఒకటి దిగింది. కారు కాదు, సొంత బోరు కాదు. బాత్రూంలో గీజరు పక్కన, నీలం లైటు మినుకుమినుకుమనే తెల్ల రిసీవరు పెట్టె. చుట్టాలొస్తే చాయ్ కన్నా ముందు బాత్రూం చూపిస్తున్నారు. "చూశారా, ఫోన్లో నొక్కితే ఆన్ అవుతుంది!" చూశాం. గోడ మీది స్విచ్చి నొక్కినా ఆన్ అవుతుందని మాకు తెలుసు గానీ, మర్యాదకు నోరు మెదపలేదు.

అమ్మే కుర్రాళ్లందరూ అప్పజెప్పే పాఠం ఒకటే. ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు నొక్కండి, ఇంటికి చేరేసరికి నీళ్లు సిద్ధం. ఈ పాఠం రాసిన మహానుభావుడు పాతబస్తీలో ఒక్కసారైనా ఇంటికి చేరి ఉండడు. అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ ఎక్కినవాడు మదీనా చౌరస్తా ఎప్పుడు దాటతాడో వాడి చేతిలో లేదు. పత్తర్‌గట్టి ముందు తోపుడుబండ్లు తేల్చాలి, ఎదురుగా వచ్చే ఆటోలు తేల్చాలి. రంజాన్ నెలైతే ఎవరూ తేల్చరు.

సరే, చేరాడనుకుందాం. ఎన్ని నిమిషాలు ఆదా అయినట్టు? మా గల్లీల్లో ముప్పాతిక ఇళ్లలో ఉన్నది 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు, 3000 వాట్లది. 25 డిగ్రీల నీళ్లు అందులో 60 డిగ్రీలకు కాగడానికి రెండున్నర నిమిషాలు. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తువ్వాలు ఎక్కడ పెట్టావని ఇంట్లో గొడవపడితే అయిపోయే సమయం. 15 లీటర్లది, 2000 వాట్లదే ఉందనుకోండి, అప్పుడూ ఇరవై నిమిషాల లోపే. ఆ కాస్త కోసం ఒక రిసీవరు, ఒక యాప్, ఆ యాప్‌కు పాస్‌వర్డు, పాస్‌వర్డు మర్చిపోతే ఓటీపీ.

అసలు మనం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే వేడినీళ్లకు ఎగబడే జాతేనా? మన స్నానం పొద్దున. గీజరుకూ మంచానికీ మధ్య దూరం ఆరడుగులు. ఆ ఆరడుగుల కోసం ఫోను నుంచి సందేశం రూటరుకు పోయి, అక్కడి నుంచి ఏ దేశంలో ఉందో తెలియని సర్వరుకు పోయి, తిరిగి మన బాత్రూంకే రావాలి. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 14, 15 డిగ్రీల చలి ఉంటుంది, కాదనను. మిగతా కాలం మాటేమిటి? మే నెలలో మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకే పెద్ద బాయిలరు. దాన్ని ఆఫ్ చేసే యాప్ ఎవరైనా తెస్తే మొదటి గిరాకీ నేనే.

వీటన్నిటికీ తలదన్నే ముచ్చట ఇంకొకటి ఉంది. మా గల్లీలో ఒక పెద్దమ్మ. కొడుకు లండన్‌లో. పోయిన సంక్రాంతికి వచ్చినవాడు తల్లి గీజరుకు పెట్టె బిగించి వెళ్లాడు. ఇక్కడ పొద్దున ఆరైతే అక్కడ రాత్రి పన్నెండున్నర. పాపం నిద్ర ఆపుకుని కూర్చుని, అక్కడి నుంచి నొక్కి, ఫోన్ చేస్తాడు.

"అమ్మా, గీజర్ ఏసిన. పోయి తానం చెయ్యి."

"నల్లా రాలే బిడ్డా. ట్యాంకుల సుక్క నీళ్లు లేవు."

"యాప్‌ల రెడీ అని చూపిస్తుందమ్మా!"

"అయితే యాప్‌లనే చెయ్యి తానం."

గీజరు నుంచి వేడినీళ్లు బయటికి రావాలంటే ఇటు నుంచి చల్లనీళ్లు లోపలికి తోయాలి. ఆ తోసే నీళ్లు మనకు రోజు విడిచి రోజు వస్తాయి. వాటికి యాప్ లేదు.

కొడుకు ప్రేమను వెక్కిరించను. కానీ అతను ఏ దేశంలో ఉండి ఈ మోజు పడ్డాడో ఆ దేశపు సంగతి కొంచెం చూడండి. అక్కడ బాయిలరంటే గ్యాసుతో నీళ్లు కాచి గదిగదికీ రేడియేటర్లలోకి తిప్పే యంత్రం. చలికి ఇల్లంతా వెచ్చబడాలి, దానికి సమయం పడుతుంది, కాబట్టి ముందుగా వేసుకోవడంలో అర్థం ఉంది. హాల్లో థర్మోస్టాట్, బాయిలరు దగ్గర రిసీవరు, రెంటికీ మధ్య రేడియో సంకేతం. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఆ రిసీవరు చేసేదల్లా "వేడి కావాలి", "ఇక చాలు" అని బాయిలరుకు చెప్పడం. మంట వెలిగించడం, ఆర్పడం, ప్రమాదం పసిగట్టడం బాయిలరు సొంత బోర్డు చూసుకుంటుంది. రిసీవరు చెడిపోతే, 3 ఆంప్స్ ఫ్యూజున్న విడి స్విచ్చి ఆపి, పాతదాన్ని వెనకపలక మీంచి ఊడదీసి కొత్తది తగిలిస్తారు. చాలా కంపెనీలకు ఆ పలక ఒకటే కొలత. గ్యాసు వైపు చెయ్యి పెట్టాలంటే మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరుండాలి. ఇంగ్లండులో 2018 ఏప్రిల్ నుంచి కొత్త బాయిలరు పెడితే టైమునూ ఉష్ణోగ్రతనూ అదుపు చేసే ఏర్పాటు తప్పనిసరి. అంటే అక్కడ ఆ పెట్టె వెనక గోడలో సరైన తీగ, ఫ్యూజు, చట్టం ఉన్నాయి.

ఇక్కడ పెట్టె వెనక ఏముంది? ఇన్సులేషన్ టేపు.

వెక్కిరింత ఇంతటితో చాలు. 3000 వాట్ల గీజరు 13 ఆంప్స్ లాగుతుంది. ఆ కరెంటంతా ఈ అగ్గిపెట్టెంత డబ్బాలోని రిలే గుండానే పోవాలి. మా గల్లీకి వచ్చిన కుర్రాడు చూపించిన డబ్బా మీద 10 ఆంప్స్ అని రాసుంది. "ఏం కాదు సార్, అందరికీ ఇదే పెడుతున్నాం" అన్నాడు. అయ్యేదేమిటో నేను చెప్తాను. వేడికి రిలే ముక్కలు అతుక్కుపోతాయి. ఫోనులో ఆఫ్ అని ఉంటుంది, గోడ మీద గీజరు కాగుతూనే ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ అటూ ఇటూ బిగిస్తే ఇంకా ఘోరం. డబ్బా న్యూట్రల్‌ను తెంపి ఊరుకుంటుంది, గీజరులోని కాయిల్‌కు ఫేజు అలాగే నిలబడి ఉంటుంది.

"గీజరులోని పాత థర్మోస్టాట్ డైరెక్ట్ చేసేద్దాం సార్, యాప్ ఉందిగా" అని కూడా అన్నాడు. డైరెక్ట్! ఈ ఊళ్లో ఫ్యూజు పోతే డైరెక్ట్, కటౌట్ పోతే డైరెక్ట్. నీళ్లు నిల్వ ఉంచే గీజర్లకు ఐఎస్ 2082 ప్రమాణం ఉంది, ఐఎస్ఐ ముద్ర లేకుండా అమ్మకూడదు. ఇన్ని కట్టుబాట్లతో ఫ్యాక్టరీలో పెట్టిన కాపలాను ఒక స్క్రూడ్రైవరు నిమిషంలో పీకేస్తుంది. ఇంటివాడు దానికి కూలి కూడా ఇస్తాడు.

ఎర్తు మాట ఎత్తితే మెకానిక్కు జాలిగా చూస్తాడు. పాత ఇళ్లలో ఎర్తు తీగను ఇనుప నల్లా పైపుకు చుట్టేవాళ్లు. తప్పే, కానీ ఏదో కాస్త నేలను తాకేది. తర్వాత పైపులన్నీ ప్లాస్టిక్‌వి వేయించుకున్నాం. తీగ మాత్రం ఆ ప్లాస్టిక్ పైపుకే భక్తిగా చుట్టుకుని ఉంది, ఎండిన చెట్టుకు కట్టిన ముడుపులాగ.

2025 మే 18 ఉదయం, చార్మినార్‌కు కూతవేటు దూరంలో, గుల్జార్ హౌజ్ దగ్గర ఒక్క ఇంట్లో అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు. వాళ్లలో ఎనిమిది మంది చిన్నపిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమై ఉంటుందని అగ్నిమాపక అధికారులు అన్నారు. కింద దుకాణాలు, పైన కాపురాలు, దిగడానికి ఒక్క ఇరుకు మెట్లదారి. అలాంటి ఇళ్లు పాతబస్తీలో ఎన్నో. మన ఇళ్ల తీగలు ఎప్పటివో చూపించుకోవాలని ఆ నెలంతా అందరూ అనుకున్నారు. చలికాలం వచ్చేసరికి చూపించుకుంటున్నది నీలం లైటు.

అదే ఏడాది ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, కరెంటు సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించుకుంటూ పోయారు. ఊళ్లో చాలా ఇళ్లకు నెట్ పోయింది. అప్పటికే ఈ పెట్టెలుంటే ఊరు ఊరంతా చన్నీళ్లే.

ట్రూప్‌బజారులో ఆర్‌సీసీబీ దొరుకుతుంది. 30 మిల్లీ ఆంప్స్ కరెంటు పక్కదారి పడితే చాలు, రెప్పపాటులో సరఫరా తెంపేస్తుంది. దానికి లైటు మినుకుమనదు, చుట్టాలకు చూపించుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఎవరూ అడగరు. అద్దె ఇల్లయితే ఓనరు "మీరొచ్చాకే అన్నీ చెడిపోతున్నాయి" అంటాడు. సొంతిల్లయితే "పెయింటింగప్పుడు చూద్దాం" అంటారు. ఫోనులో నొక్కే డబ్బాకు మాత్రం ఆ రోజే డబ్బులు పుడతాయి.

మా గల్లీలోకి మళ్లీ ఆ పెట్టె పట్టుకుని వచ్చే కుర్రాడికి ముందే చెప్తున్నా. యాప్ తర్వాత చూపిద్దువు గానీ, సంచిలోంచి టెస్టు బల్బు తియ్యి నాయనా. ఫేజుకూ ఎర్తుకూ మధ్య పెట్టి వెలిగించి చూపించు. నిండుగా వెలిగితే కూర్చో, చాయ్ తెప్పిస్తాను. వెలక్కపోతే ఆ పెట్టె తీసుకెళ్లి మీ మేనేజరు బాత్రూంలో బిగించు. థర్మోస్టాట్ డైరెక్ట్ చేసి మరీ.