గిగాహెర్ట్జ్ బావ

షేర్లు కొనమనే బాబాయి, ఏ జబ్బుకైనా హోమియో గుళికలిచ్చే పెదనాన్న అన్ని కుటుంబాల్లోనూ ఉన్నట్టే, ఈమధ్య గిగాహెర్ట్జ్ బావ కూడా ఇంటికొకడు తయారయ్యాడు. గుర్తుపట్టడం తేలిక. ఆయన కంప్యూటర్ క్యాబినెట్‌కి పక్క మూత ఉండదు. ఆ మూత తాలూకు స్క్రూలు ఖాళీ అయిన తలనొప్పి మందు సీసాలో ఉంటాయి. కొత్తగా పరిచయమైనవాళ్లని మీదేవూరని అడగడు, మీ ప్రాసెసర్ లోడ్ మీద ఎన్ని డిగ్రీలకి పోతోందని అడుగుతాడు. తెలీదంటే జాలిపడతాడు.

ప్రాసెసర్ ఇంత వేగంతో నడుస్తుందని కంపెనీవాడు పెట్టె మీద అచ్చేసిన అంకెని ఆయన బేరంలో మొదటి మాటగానే తీసుకుంటాడు. ఈ నమ్మకంలో కొంత నిజం లేకపోలేదు. ఒకే సిలికాన్ పలక మీద పుట్టిన చిప్పులన్నీ ఒకే సత్తువతో పుట్టవు. వాటిలో నీరసంగా ఉన్నది కూడా తట్టుకునేలా కంపెనీ వేగం నిర్ణయిస్తుంది కాబట్టి, మంచి చిప్పు దొరికినవాడికి కొంత మిగులు ఉంటుంది. 1998లో 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఏ కొనుక్కుని, బస్ వేగాన్ని 66 నుంచి 100కి మార్చి, 450తో నడిపించుకున్నవాళ్లు లోకమంతా ఉన్నారు. 2011లో వచ్చిన ఐ5-2500కేని 3.3 గిగాహెర్ట్జ్ నుంచి 4.5కి లాగినవాళ్లకీ లెక్కలేదు. ఈ రెండు కథలూ మా బావ పెళ్లి భోజనాల్లో పప్పు వచ్చి కూర వచ్చేలోపు పక్కవాడికి చెప్పేస్తాడు. పక్కవాడు అడిగి ఉండడు.

అసలు సంసారం 4.5కి చేరాకే మొదలవుతుంది. వేగం పెంచితే సిస్టమ్ నీలం తెర చూపించి పడిపోతుంది. నిలబెట్టడానికి వోల్టేజీ పెంచుతాడు. దాంతో వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. అందుకని పెద్ద ఫ్యాను. పులుసులో ఉప్పెక్కువైందని నీళ్లు, నీళ్లెక్కువయ్యాయని చింతపండు, పులుపెక్కువైందని బెల్లం వేసుకుంటూ పోయి, చివరికి గిన్నె చాలక గంగాళం దింపిన వంట అది. చిక్కేమిటంటే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.2 వోల్టుల్ని 1.35 చేస్తే పెంచింది ఎనిమిదో వంతేగా అనిపిస్తుంది, వేడి మాత్రం నాలుగో వంతుకి పైనే పెరుగుతుంది. వేగం పెంచినందుకు పుట్టే వేడి కూడా కలిపితే మొత్తం 70 శాతం దాటుతుంది. ఇంతా చేసి వేగం పెరిగింది 36 శాతం. ఈ లెక్క బావకి నాకన్నా బాగా వచ్చు. లెక్క రాక చేసే పని కాదిది.

సిస్టమ్ పడిపోయిన రోజున ఆయన ముఖంలో కళ చూడాలి. మొదటి అనుమానం ర్యామ్ మీద. స్టిక్కులు ఊడదీసి, మా మేనల్లుడి జామెట్రీ బాక్సులోంచి రబ్బరు తీసుకుని, బంగారు రంగు అంచు మెరిసేదాకా రుద్ది, ఉఫ్‌మని ఊది, టక్కుమనేదాకా మళ్లీ నొక్కుతాడు. రాత్రంతా మెమ్‌టెస్ట్. ర్యామ్ నిర్దోషి అని తేలితే కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి కొత్తది తెస్తాడు. తర్వాత గోడకున్న ప్లగ్గు, ఎర్తింగు, అపార్ట్‌మెంట్ లిఫ్టు ("అది కదిలినప్పుడల్లా కరెంటు డిమ్మవుతోంది, గమనించావా?"), ఆఖర్న విండోస్. ఇంతమందినీ విచారిస్తాడు కానీ, తను రాత్రి బయోస్‌లో మార్చిన అంకెని మాత్రం సాక్షిగా కూడా పిలవడు.

పరీక్ష పెట్టడానికి ప్రైమ్95 అని ఒక ప్రోగ్రాం ఉంది. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన ప్రాజెక్టుది. బావకి ప్రధాన సంఖ్యలతో ప్రేమా లేదు, పేచీ లేదు. అందులోని టార్చర్ టెస్ట్ కావాలి. అది గంటలకొద్దీ గుణకారాలు చేయించి, ఎక్కడో ఒకచోట, రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ రావాలి అని ఒక ముక్క రాసి ఆగుతుంది. అంటే చిప్పు పడిపోలేదు, లెక్క తప్పింది. నా దృష్టిలో నీలం తెర కన్నా ఇదే ప్రమాదం. నీలం తెర కనీసం చెప్పి పోతుంది. తప్పు లెక్క అయితే చప్పుడు చెయ్యకుండా ఫైల్లో కూర్చుంటుంది.

బావ తమ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ట్రెజరర్ కూడా. ఓసారి మెయింటెనెన్స్ లెక్కలో తేడా వస్తే, తన ప్రాసెసర్ ఇంకా స్టేబుల్ కాలేదని, అంకె అక్కడే తప్పి ఉంటుందని మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పాడు. మూడో అంతస్తు రిటైర్డ్ మాస్టారు లేచి, "అది ఎప్పుడూ మా వైపే ఎందుకు తప్పుతోందండీ?" అన్నారు.

సంక్రాంతికి పాసైన సెట్టింగు రోహిణీ కార్తెలో తప్పుతుంది. గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్పు కూడా ఇంచుమించు అంతే వేడెక్కుతుంది మరి. అందుకని మేలో ఏసీ కంప్యూటర్ గదిలో ఉంటుంది, మా అక్కా పిల్లాడూ హాల్లో ఫ్యాను కింద ఉంటారు.

ఇప్పటి ప్రాసెసర్లు పెట్టెలోంచి తీసేసరికే తమ సత్తువంతా తామే వాడేసుకుంటున్నాయి. ఇంక లాగడానికి పెద్దగా మిగల్లేదు. ఇంకొకరైతే మానేసేవారు. బావ వోల్టేజీ తగ్గించడం మొదలుపెట్టాడు. 2020 చివర్లో వచ్చిన రైజెన్ 5000 వరసకి కర్వ్ ఆప్టిమైజర్ అనే సదుపాయం ఉంది. దాంతో ఒక్కో కోర్‌కి విడివిడిగా, మైనస్ 30 మెట్ల దాకా వోల్టేజీ కోత పెట్టొచ్చు. బావ అన్నిటికీ 30 పెట్టాడు. రాత్రంతా టార్చర్ టెస్ట్ నడిచింది, ఒక్క తప్పు లేదు. తెల్లారాక మా అమ్మ సుప్రభాతం పెట్టమంది. పాట మొదలయిందో లేదో తెర నల్లబడి సిస్టమ్ రీస్టార్ట్ అయింది.

ఈ రోగం ప్రత్యేకతే అది. కోర్లన్నీ బరువు మోస్తున్నప్పుడు కాస్త నిదానంగా నడుస్తాయి, కోత పెట్టిన వోల్టేజీ సరిపోతుంది. చిన్న పని తగిలినప్పుడు ఒక్క కోర్ అందరికన్నా పై వేగానికి ఎగురుతుంది, అప్పుడు చాలదు. బావ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, వీయాలాగర్ 18 అన్న వరస మీద వేలు పెట్టి, "ఏపిక్ ఐడీ ఎనిమిది. సగం చేస్తే నాలుగు. దొరికింది అత్తయ్యగారూ, నాలుగో నంబర్ కోర్!" అన్నాడు.

"ఏ నంబరైతే ఏం బాబూ, సుప్రభాతం మధ్యాహ్నం వినలేం కదా," అంది అమ్మ. కాసేపాగి, "కంపెనీవాడు ఇచ్చినట్టే ఉంచితే పాట ఆగకుండా వస్తుందా?" అని అడిగింది.

"వస్తుంది కానీ..." అన్నాడు బావ. ఆ కానీ పూర్తయ్యేసరికి అమ్మ ఫోన్లో సుప్రభాతం విని, పూజ ముగించి, హారతి కూడా ఇచ్చేసింది.

2024 ఆయనకి పండగ సంవత్సరం. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు, ఎవరూ ముట్టుకోకుండానే, ఆటల మధ్యలో పడిపోతున్నాయని గోల పుట్టింది. చిప్పులు అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తెచ్చుకుని పాడవుతున్నాయని తేలింది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. బావది ఇంటెల్ కాదు, ఆ గొడవతో ఆయనకి చుట్టరికం లేదు. అయినా వారం రోజులు తలెత్తుకు తిరిగాడు. "చూశావా, కంపెనీవాడు కూడా మనవాడే!"

మొన్న విజయవాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు, తన సిస్టమ్ ఊరికే రీస్టార్ట్ అవుతోందని. బావ ఫోన్ లాక్కుని, చేయి తిరిగిన డాక్టరు గొంతుతో చెప్పాడు: "ముందు బయోస్‌లో అన్నీ డిఫాల్టుకి తెచ్చెయ్. ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ పెట్టి ఉంటే అదీ తీసెయ్. రెండు రోజులు అలాగే వాడు. నిలబడిందా, తప్పు హార్డ్‌వేర్‌ది కాదు, నీ సెట్టింగులదే. ఆ తర్వాత ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది కాగితం మీద రాసుకో. కంగారుపడి ఏదీ కొనకు."

ఇంతకన్నా మంచి సలహా నేనింతవరకూ వినలేదు. ఫోన్ పెట్టేశాక అడిగాను, "బావా, ఈ పద్ధతేదో నీ సిస్టమ్ మీద కూడా..."

"నాది వేరురా," అన్నాడు రబ్బరు కోసం సొరుగు వెతుకుతూ, "నాది ర్యామ్."