పుట్టలో వేలు

కడప జిల్లా లింగాలలో ఒక మనిషి ఏం పని చేస్తాడో ఊరికి తెలియాలంటే వాడి కాళ్ళకు బురదన్నా ఉండాలి, నెలాఖరుకు జీతమన్నా రావాలి. రెండూ లేనివాడు రాజకీయాల్లో ఉన్నట్టు లెక్క. మనవాడు ఈ మూడు ఖాతాల్లో దేనికీ చెందడు. పిల్లలకు ఫోన్లో కథల పుస్తకాలు చేస్తాడు. ఊరికే చదువుకునేవి కావు. బొమ్మ మీద వేలు పెడితే కాకి అరుస్తుంది, తెర మీద అటు గీస్తే పుట తిరుగుతుంది, మాటలు ఒక్కొక్కటే రంగు మారుతుంటే లోపలి నుంచి ఒక గొంతు చదువుతుంది.

"మీవాడు ఏం చేస్తాండాడన్నా?" అని చీనీతోట గట్టున ఎవరైనా అడిగితే వాళ్ళ నాయన పాదులోంచి తల కూడా ఎత్తకుండా "కతలు పడతాండాడు" అంటాడు. మా సీమలో కతలు పడటమంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యరు.

వాడికి పేరు పెట్టను. పెడితే ఒక్కడే అనుకుంటారు. ఈ జాతి జమ్మలమడుగులోనూ ఉంది, ప్రొద్దుటూరులోనూ ఉంది. 2020లో కరోనా పుణ్యమా అని లాప్‌టాప్ సంచీతో బెంగుళూరు నుంచి ఇంటికొచ్చి, మళ్ళీ రమ్మన్నా పోకుండా నిలబడిపోయినవాళ్ళలో కొందరు అరటి పెట్టారు, కొందరు కోళ్ళఫారం పెట్టారు, ఒకరో ఇద్దరో ఇట్లా కథల్లో పడ్డారు. వీళ్ళను గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. పెళ్ళిలో అందరూ పెళ్ళికూతురి నగలు చూస్తుంటే వీడు ఎవరి ఒళ్ళోనో ఫోను పట్టుకున్న రెండేళ్ళ పిల్లోడి చెయ్యి చూస్తుంటాడు. "బొటనవేలుతో గీకుతాండాడు సూడు మామా, అంటే కింది మీట వీనికి అందదు" అంటాడు. పక్కనున్న మామకు అర్థమయ్యేది ఒకటే, ఈ పిల్లోడికి త్వరగా పెళ్ళి చెయ్యాలని.

ఒకసారి మేకల అరుపు కావాలని ఫోను ముందుకు చాపి మంద వెనకాల మూడు రోజులు తిరిగాడు. మూడో రోజు కాపరి ఆపి, "ఏం అబ్బీ, పోతుకు బేరం చేస్తాండావా, ల్యాకపోతే రాత్రికి లెక్క పెట్టుకుంటాండావా?" అని అడిగాడు. మేక అరుపు కావాలని చెబితే కాపరి అంతకన్నా అనుమానంగా చూశాడట. నిజం చెప్పి కూడా దొంగలా కనపడటం ఈ వృత్తిలో మామూలే.

వంశం అడిగితే మాత్రం వాడు వెనక్కి తగ్గడు. "చందమామ పెట్టిన బి.నాగిరెడ్డి ఎవరనుకున్నారు? మన కడప జిల్లా పొట్టిపాడులో 1912లో పుట్టినాడు" అని వారానికి మూడుసార్లన్నా అంటాడు. 1947 జులైలో మద్రాసులో చక్రపాణితో కలిసి ఆయన ఆ పత్రిక తెచ్చాడన్నది నిజమే. వాళ్ళ నాయన దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఆయప్పకు సొంత ప్రెస్సు ఉండె. నీకేముండాది, చార్జరు." బేతాళుడు చివర్లో చిక్కుప్రశ్న వేసి విక్రమార్కుడి నోరు తెరిపించడం కన్నా ఇంటరాక్టివ్ ఇంకేముందని మనవాడి వాదం. నాకు ఈ వాదం నచ్చుతుంది. ప్రశ్నకు జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందనే నియమం మాత్రం పిల్లల యాప్‌లో పెట్టకూడదని నేనే ఆపాను.

ఇంకా వెనక్కి పోతే తోలుబొమ్మలాట. ధర్మవరం పక్క నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద బొమ్మలు గీస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రామాయణం నడిమధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి, తెరముందు కూర్చున్నవాళ్ళ మీద ఛలోక్తులు విసిరితే ఊరంతా తిరిగి కేకలేసేది. తెర అన్నాక అట్లా ఉండాలంటాడు మనవాడు. కానీ కేతిగాడికి ప్రైవసీ పాలసీ లేదు. వీడికుంది. పిల్లల యాప్ అన్నాక పేరు అడగాలన్నా ఒకటికి నాలుగు ఫారాలు నింపాలి. తోలుబొమ్మ పిలిచినట్టు పేరు పెట్టి పిలిచి ఎగతాళి చేసే వీలు ఫోనుకు లేదు.

వాడి ప్రాణమంతా ఏడు చేపల కథ. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డమొచ్చింది, ఆవు మేయలేదు, అట్లా ఒకరి మీద ఒకరు నెపం తోసుకుంటూ పోయి, చివరికి అంతా చీమ పుట్టలో వేలు పెట్టిన పిల్లోడి దగ్గర తేలుతుంది. ఈ కథను ఇన్ని తరాల తాతలు చెప్పారు గానీ, అది పుట్టిందే వేలు పెట్టే తెర కోసమని మొదట కనిపెట్టింది తనేనని మనవాడి నమ్మకం. చివరి పుటలో పుట్ట ఉంటుంది. పిల్లోడు పుట్ట మీద వేలు పెడతాడు, ఫోను జివ్వున వణుకుతుంది. అంతే. ఆ ఒక్క వణుకు కోసం వాడు రెండు నెలలు కూర్చున్నాడు.

మొదట వాళ్ళ జేజికి చూపించాడు. జేజి పుట్ట మీద వేలు పెట్టి, "అమ్మో" అని ఫోను విసిరేసింది. అది పోయి సంగటి గిన్నెలో పడింది. వేడి సంగటిలోంచి కూడా కాకి అరుస్తూనే ఉందని, ఆ ఫోను కంపెనీని మెచ్చుకోవాలని వాడన్నాడు.

అక్షరాల కష్టం వేరే. ఆటలు తయారుచేసే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌లో వాడు తెలుగు టైపు చేశాడు. దానికి వత్తులంటే ఏమిటో తెలియదు. అవ్వ కాస్తా 'అవ్‌వ' అయింది, గడ్డి 'గడ్‌డి' అయింది, చీమ 'కుట్‌టింది'. మొదటి పుటలోనే ఇంతమంది అంగవిహీనులైతే కథ ఎట్లా నడుస్తుంది? ఆఖరికి ప్రతి పుటలోని రాతనూ బొమ్మగా మార్చి అతికించాడు. దాంతో ఒక దీర్ఘం తప్పిపోయినా ప్రొద్దుటూరు పోవాల్సి వచ్చేది.

ప్రొద్దుటూరెందుకంటే, బొమ్మలు వేసేవాడు అక్కడ. ఫ్లెక్సీలు డిజైన్ చేసే కుర్రోడు. చెయ్యి మంచిదే గానీ, వాడు పుట్టిననాటి నుంచి చేసినవి పుట్టినరోజు శుభాకాంక్షలు, పండగ శుభాకాంక్షలే. రాజుగారి ఏడుగురు కొడుకులను గీయమంటే ఏడుగురూ చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డారు. వెనకాల సూర్యుడు, సూర్యుడి వెనకాల ఇంకో పెద్ద సూర్యుడు. ఆవుకు మెడలో బంగారు గొలుసు. బంగారపంగళ్ళ మధ్య పెరిగినవాడు మరి. ఒక కొడుకు భుజాన కండువా కూడా వేశాడు. ఆ కండువా చూసి మనవాడికి చెమటలు పట్టాయి. "తీసెయ్ సామీ! ఏ రంగేసినా తంటానే" అన్నాడు. కుర్రోడు తెల్ల కండువా వేస్తానన్నాడు. "తెలుపుకు గూడా ఎవురో ఒకరు వస్తారు, తీసెయ్."

పెద్దవాళ్ళ గడప అని ఇంకొకటి పెట్టాడు. పిల్లలు పొరపాటున అమరికల్లోకి పోకుండా, ఏడెనిమిదులు ఎంత అని అడుగుతుంది. జవాబు చెప్పినవాళ్ళే పెద్దవాళ్ళు. మా వీధిలో పరీక్షిస్తే మూడో తరగతి పిల్ల యాభై ఆరని గుక్కతిప్పుకోకుండా చెప్పి లోపలికి పోయింది. వాళ్ళ నాయన మాత్రం పాపం గడప దగ్గరే నిలబడి ఏడైదుల నుంచి మొదలుపెట్టి ఎక్కుతున్నాడు.

ఇక అసలు యజ్ఞం. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ప్లే ఒక నియమం పెట్టింది. యాప్‌ను లోకానికి విడుదల చెయ్యాలంటే ముందు కొంతమంది దాన్ని ఆపకుండా 14 రోజులు పరీక్షించాలి. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో 12 మంది చాలన్నారు. ఖాతా తెరవడానికి 25 డాలర్లు ఒక్కసారి కడితే సరిపోతుంది. ఆపిల్‌కైతే ఏటా 99 డాలర్లు, కాబట్టి వాడు అటువైపు చూడనే లేదు. డబ్బుదేముంది, మనుషులు ఎక్కడి నుంచి రావాలి? పాండవుల పన్నెండూ రాముడి పద్నాలుగూ కలిపి ఒక్కడి నెత్తినే రాసిపెట్టారని నేనన్నాను.

ఆ పన్నెండు మందిలో నేనొకణ్ణి. తక్కినవాళ్ళు: టీ అంగడాయన, ఆరెంపీ డాక్టరు, ఇద్దరు పంతుళ్ళు, సెల్లు రిపేరీ పిల్లోడు, పులివెందుల బస్సు కండక్టరు, బెంగుళూరు స్నేహితులు ఇద్దరు, వాళ్ళ బావ, పార్నపల్లెలో చిత్రావతి రిజర్వాయరు దగ్గర చేపలు పట్టే ఒకాయన, అరటికాయల దళారి. చేపలాయన కథ పేరు చూసి ఒప్పుకున్నాడు. తీరా చూసి, "చేప అట్లనా ఎండబెట్టేది?" అని గంటసేపు క్లాసు పీకాడు. ఇంకొకాయన కూడా ముందుకొచ్చాడు గానీ ఆయనది ఐఫోను. అందరికీ చూపించుకోడానికి పనికొచ్చింది గానీ దీనికి పనికిరాలేదు.

రోజూ సాయంత్రం మనవాడు టీ అంగడి దగ్గర మమ్మల్ని పోగేసి మిరపకాయ బజ్జీలు పెట్టించి, "ఈ పొద్దు తెరిచినారా?" అని అడిగేవాడు. బడి పిల్లోళ్ళ హోంవర్కు అడిగినట్టు ఉండేది. బజ్జీల ఖర్చు నాలుగో రోజుకే 25 డాలర్లను దాటిందని నా అంచనా. ఎనిమిదో రోజు కండక్టరు నిజం ఒప్పుకున్నాడు. యాప్ తెరిచేది ఆయన కాదు, బస్సులో ఏడ్చే పిల్లల తల్లులు. "పుట్ట మీద వేలు పెట్టిందంటే ఏ పిల్లయినా గమ్మునయితాది సార్" అన్నాడు. మనవాడి మొహం ఆ రోజు చూడాలి, అరటిగెలకు లారీ దొరికిన రైతు మొహంలా వెలిగింది.

పదకొండో రోజు దళారి ఫోనులో జాగా నిండింది. తోటల్లో తీసిన గెలల ఫోటోలు, వీడియోలు, పొద్దున్నే వచ్చే పూల శుభోదయాలు. ఆయన ఒక్కొక్కటే తీసేస్తూ పోయి, పరీక్ష నుంచి తప్పుకునే మీట ఏదో కనపడితే దాన్నీ నొక్కేశాడు. పన్నెండు పదకొండయింది. మనవాడు తోటలకు తోటలు వెతికి ఆయన్ను పట్టుకునేసరికి ఆయన ఒక గెల మీద చెయ్యేసి బేరంలో ఉన్నాడు. "టన్నుకు ఎంత కావాల నీకు?" అన్నాడు వీణ్ణి చూసి. లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. బజ్జీలు కూడా.

యాప్ ఎట్లాగో బయటికొచ్చింది. మేమంతా ఐదు నక్షత్రాలు ఇస్తామనుకున్నాడు. టీ అంగడాయన నాలుగే ఇచ్చాడు. అడిగితే, నిండా ఇస్తే దిష్టి తగులుతుందని నెమ్మదిగా చెప్పాడు. నేను ఐదిచ్చాను, కానీ మా మనవడు నా చేతిలోంచి లాక్కుని ఒకటి చేశాడు. దాన్ని సరిచెయ్యడం నాకింతవరకూ చేతకాలేదు.

డబ్బు పెట్టి కొన్న మొదటి మనిషి డాలస్‌లో ఉన్న వాళ్ళ అక్క. ఆమె పిల్లలు వారాంతాల్లో మనబడికి పోతారు. 2007లో సిలికానాంధ్ర వాళ్ళు మొదలుపెట్టిన తెలుగు బడి అది. రెండో కథలో మనవాడు చీనీతోట పెట్టాడు. డాలస్ పిల్ల ఫోనులో, "మామా, చీనీకాయంటే చైనా పండా?" అని అడిగింది. బత్తాయి అని మార్చమని అక్క సలహా. జేజిని నాయనమ్మ చెయ్యమంది, మిద్దెను డాబా చెయ్యమంది. వాడు రాత్రంతా ఆలోచించి బత్తాయి అని మార్చాడు. మర్నాడు పొద్దున్నే నాయన ఆ పుట చూసి, "మన తోటలో ఈ చెట్టు యాడుండాది?" అన్నాడు. సాయంత్రానికి మళ్ళీ చీనీ అయింది. మార్చినప్పుడూ ప్రొద్దుటూరు పోయాడు, తిప్పినప్పుడూ పోయాడు. ఈ విషయంలో నేను నాయన పక్షం. ఎక్కడి చెట్టుకు అక్కడి పేరే కాయాలి.

ఇప్పుడు జేజి గొంతుతో కథలు చెప్పించాలని పట్టుకున్నాడు. రికార్డింగు స్టూడియో అంటే నడింట్లో మంచం మీద రెండు దుప్పట్లు. పగలు బోరు మోటారు మోత, పాత ఇనుము కొనేవాడి మైకు. అందుకని మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు దుప్పటి కింద కూర్చోబెడతాడు. జేజి ఒక వాక్యం చెప్పి ఆగుతుంది. వాడు చేత్తో సైగ చేస్తాడు, చెప్పమని. జేజి చెప్పదు.

"ఏం జేజీ, మర్చిపోయినావా?"

"నేనెందుకు మర్చిపోతా! ఊ కొట్టేటోళ్ళు ల్యాకుండా ఎవునికి చెప్పాల?"

ఫోను వింటోందని వాడు నచ్చజెప్పాడు. ఊ అనని ఫోను వింటున్నట్టు ఎట్లా నమ్మేదని జేజి అడిగింది. దానికి వాడి దగ్గర జవాబు లేదు, ఏ ఫారంలోనూ ఆ ప్రశ్న రాలేదు. చివరికి తనే ఊ కొడుతూ రికార్డు చేశాడు. విని చూసుకుంటే జేజి కథలో అడుగడుగునా వాడి ఊ. తీసేద్దామని కూర్చుంటే ఊతో పాటు జేజి మాట చివర కూడా తెగిపోతోంది. సరేనని ఉన్నది ఉన్నట్టు పెట్టి వినిపించాడు. జేజి చెవి దగ్గర పెట్టుకుని విని, "అదే చెప్పి అదే ఊ కొట్టుకుంటే ఇంగ పిల్లోళ్ళు ఎందుకురా?" అంది.

అప్పటి నుంచి కొత్త పిచ్చి. పిల్లోడు ఊ అంటేనే ముందుకు సాగే కథ చెయ్యాలట. దానికి ఫోను పిల్లోడి గొంతు వినాలి. వినాలంటే మైకుకు అనుమతి, గొంతు ఎక్కడా దాచుకోమని రాతపూర్వకంగా హామీ, మళ్ళీ ఫారాలు. మొన్న రాత్రి రెండింటికి వాడు ఆ ఫారాలు నింపుతూ కూర్చున్నాడట. చీకట్లో లాప్‌టాప్ వెలుగు చూసి మంచం మీది నుంచి జేజి పలకరించింది.

"అబ్బీ, ఇంకా మేలుకోనే ఉండావా?"

"ఊ" అన్నాడు వాడు, తల తిప్పకుండా.

ఆ ఊ వినపడగానే జేజి, మధ్యాహ్నం ఆపిన చోటు నుంచి, ఎండని చేపను పట్టుకుని కథ మొదలుపెట్టింది.