సీసా హార్లిక్స్‌ది, లోపల కందిపొడి

1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు తుపాకీ గొట్టాల గురించి తల పట్టుకుని కూర్చున్నాడు. కాల్చగా కాల్చగా గొట్టం లోపల అరిగిపోతోంది. అరగని ఉక్కు కావాలి. క్రోమియం పాళ్లు మార్చి మార్చి కరిగించగా చివరికి తుప్పు పట్టని ఉక్కు తేలింది. తుపాకుల సంగతి ఎలా ఉన్నా, ఆ ఉక్కు మాత్రం సముద్రాలు దాటి తెలుగువాళ్ల వంటింటికి వచ్చి పులుసు గిన్నెగా, మజ్జిగ గ్లాసుగా, పోపుల డబ్బాగా స్థిరపడిపోయింది.

వస్తువుల జీవితమే అంత. తయారుచేసిన కంపెనీ దానికో ఉద్యోగం ఇచ్చి పంపుతుంది. గడప దాటి లోపలికొచ్చిన మర్నాడే ఇంటివాళ్లు బదిలీ ఉత్తర్వులు చేతిలో పెడతారు. రిటైర్మెంటు మాత్రం ఎవరూ ఇవ్వరు.

స్టీలు గిన్నెనే తీసుకోండి. వండడం, వడ్డించడం దాని పైకి కనిపించే పని. అసలు పని రికార్డులు భద్రపరచడం. సామాన్ల కొట్లో బేరం తెగాక, డబ్బులు తీసుకుంటూనే కొట్టాయన "పేరు వేయమంటారా?" అని అడుగుతాడు. పెన్నులాంటి కరెంటు మిషను జుయ్‌మంటుంది, చుక్కలు చుక్కలుగా అక్షరాలు దిగుతాయి. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, గృహప్రవేశానికా, ఉపనయనానికా, ఏ తేదీన? అన్నీ గిన్నె అంచు కింద ఒక్క వరసలో ఇమిడిపోవాలి. ఇమడకపోతే దీర్ఘాలు ఎగిరిపోతాయి, ఒత్తులు గిన్నె అడుక్కి జారిపోతాయి.

కడప జిల్లా కలమళ్లలో దొరికిన శాసనం, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలం నాటిది, సుమారు క్రీ.శ. 575 నాటిదని చెబుతారు. తెలుగులో తొలి శాసనంగా దానికి పేరు. అక్కణ్నుంచి పద్నాలుగు వందల ఏళ్లు గడిచినా దానం చేసినవాడు తన పేరు చెక్కించుకోకుండా ఉండలేకపోతున్నాడు. రాయి పోయి గిన్నె వచ్చింది, అంతే తేడా. కాకపోతే పాత శాసనాలు వేయించినవాళ్లు ఇంకాస్త ముందుచూపున్నవాళ్లు. ఈ దానాన్ని అపహరించినవాడికి వారణాసిలో వేయి గోవుల్ని చంపిన పాపం చుట్టుకుంటుందని చివర్లో ఒక శాపం కూడా తగిలించేవారు. గిన్నెల మీద ఆ ఒక్క వాక్యం వేయించకపోవడం వల్లే సగం గిన్నెలు పక్కింట్లో ఉండిపోతున్నాయి.

పక్కింటివాళ్లు కావాలని ఉంచుకున్నారని కాదు. పులిహోర పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు. అందులో పెట్టి పంపడానికి తగ్గది ఏదైనా వండాలి. ఉత్త టమాటా పప్పు పెట్టి పంపితే ఏం బాగుంటుంది? గారెలో, బొబ్బట్లో చెయ్యాలి. అవి చేసే పండగ వచ్చేదాకా గిన్నె అక్కడే ఉంటుంది. ఈలోగా వాళ్లు ఇల్లు మారతారు. గిన్నె నిజామాబాదు చేరుతుంది, మూత కాకినాడలో మిగిలిపోతుంది.

ఇంతకన్నా తమాషా ఇంకొకటుంది. పొలం గట్టు దగ్గరో, పెళ్లిలో పలకరింపు దగ్గరో మాటా మాటా పెరిగి, ఏళ్ల తరబడి రాకపోకలు ఆగిపోయిన బాబాయిగారు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. ఆయన పేరెత్తితే ఇంట్లో ఒప్పుకోరు. కానీ రోజూ చారు కాగేది ఆయన పేరున్న గిన్నెలోనే. "ఆ బాబాయి గిన్నె ఇటు అందుకో" అని అడగడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. అలకలో గిన్నెకు భాగం లేదు.

కుక్కరుది ఇంకా పాత కథ. ఫ్రాన్స్‌లో పుట్టిన డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లో దాని ముత్తాతను తయారుచేశాడు. ఆయన ఉద్దేశం గట్టి ఎముకల్ని మెత్తబరచడం. 1682లో రాయల్ సొసైటీ పెద్దలకు దాంతో వండి విందు కూడా చేశాడు. తిన్నవాళ్లలో ఒకరైన జాన్ ఎవ్లిన్ ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు. ఆవిరి ఎక్కువై పేలిపోకుండా సేఫ్టీ వాల్వు పెట్టింది కూడా పాపినే. అది మన ఇళ్లలో గడియారంగా మారుతుందని మాత్రం ఆయన ఊహించి ఉండడు.

"మూడు విజిళ్లు రాగానే కట్టేయండి" అని చెప్పి ఆవిడ స్నానానికి వెళుతుంది. ఆయన పేపరు తిరగేస్తూ "ఊఁ" అంటాడు. మొదటిది వచ్చింది. రెండోది కూడా వచ్చింది. లేక అది పై ఫ్లాట్లోదా? అపార్టుమెంట్లలో పొద్దున ఎనిమిదింటికి ఎవరి కుక్కరు కూసిందో తేల్చడం కోర్టు వల్ల కూడా కాదు. బాత్రూములోంచి "ఎన్నయ్యాయి?" అని కేక వస్తుంది. ఇక్కడ భర్తలు రెండు రకాలు. "రెండున్నర" అనేవాళ్లు ఒక రకం. గబగబా స్టవ్వు కట్టేసి "ఇప్పుడే మూడోది అయింది" అనేవాళ్లు రెండో రకం. ఇద్దరి ఇళ్లలోనూ ఆ పూట పప్పు పలుకుగానే ఉంటుంది.

నిజానికి విజిల్ లెక్క లెక్కే కాదు. లోపలి ఆవిరి ఒత్తిడి బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువైనప్పుడు పైనున్న వెయిట్ లేస్తుంది. ఆ ఒత్తిడి దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు బదులు దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. మంట పెద్దదైతే విజిళ్లు గబగబా వస్తాయి, చిన్నదైతే తీరిగ్గా వస్తాయి. ఒత్తిడి వచ్చాక మంట తగ్గించి నిమిషాలు చూసుకోవడమే పద్ధతి. ఆ సంగతి కుక్కరుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం గ్యారంటీ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవర్లో, కవరు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. అందుకే డాలస్‌లో చదువుకుంటున్న పిల్లాడు అర్ధరాత్రి ఇంటికి ఫోన్ చేసి, బాగున్నారా అని కూడా అనకుండా, "అమ్మా, శనగలకి ఎన్ని?" అంటాడు. అవతల నుంచి అంకె ఒక్కటే వస్తుంది. ఫోన్ పెట్టేస్తాడు.

టీవీ రిమోట్ సంగతికొస్తే, కొన్న రోజు నుంచి దానికి రెండు సంస్కారాలు తప్పవు. పాలిథిన్ కవరు తొడగడం ఒకటి, కొట్టడం రెండోది. చూసేవాళ్లకు రెండూ చాదస్తంగా కనిపిస్తాయి గానీ రెండింటికీ శాస్త్రం ఉంది. రిమోట్ పంపేది కంటికి కనపడని పరారుణ కాంతి. పల్చటి కవరు దానికి పెద్ద అడ్డు కాదు. ఇక దెబ్బ. బ్యాటరీ కొసలకూ స్ప్రింగుకూ మధ్య సన్నటి పొర పేరుకుంటే కరెంటు సరిగా పారదు. అరచేత్తో ఒక్కటి ఇస్తే బ్యాటరీ కదిలి, రాసుకుని, మళ్లీ అతుక్కుంటుంది. అదే పనికి కొందరు వెనక మూత తీసి బ్యాటరీల్ని వేలితో గుండ్రంగా తిప్పుతారు. ఆ మూత ఎప్పుడో పోయి ఉంటుంది, దాని స్థానంలో ప్లాస్టరు ఉంటుంది.

కొట్టడానికైతే చరిత్ర కూడా తోడుంది. అమెరికాలో జెనిత్ కంపెనీ 1955లో ఫ్లాష్‌మాటిక్ అనే రిమోట్ తెచ్చింది. యూజీన్ పాలీ తయారుచేశాడు, చూడ్డానికి తుపాకీలా ఉండేది, టీవీ మూలలకు గురిపెట్టి వెలుగు కొట్టాలి. కిటికీలోంచి ఎండ పడ్డా ఛానళ్లు వాటంతటవే మారిపోయేవి. దాంతో 1956లో రాబర్ట్ ఆడ్లర్ స్పేస్ కమాండ్ అనే ఇంకో రకం తెచ్చాడు. అందులో బ్యాటరీయే లేదు. మీట నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని టంగున కొట్టేది, ఆ చప్పుడును టీవీ అందుకునేది. అంటే దెబ్బ కొడితేనే పనిచేసే రిమోట్ డెబ్బై ఏళ్ల కిందటే ఉంది. మన తాతయ్యలు సోఫా చేతికేసి రిమోట్‌ని బాదుతున్నప్పుడు, తెలియకుండానే ఆడ్లర్ సంప్రదాయాన్ని నిలబెడుతున్నారు.

తెలుగు హాస్యరచయితలు ఇలాంటి వాటి కోసం వీధి గుమ్మం దాటలేదు. బడిపంతులు ఉద్యోగం చేసుకున్న మునిమాణిక్యం నరసింహారావుకు కాంతం ఉన్న ఇల్లు సరిపోయింది. ముళ్లపూడి వెంకటరమణకు బుడుగు, వాడి వెనక బాపు బొమ్మ, వాళ్ల చుట్టుపక్కల నాలుగిళ్లు చాలాయి.

ఆ ఇళ్లలో గోడకు తప్పకుండా క్యాలెండరు ఉంటుంది. తిథి, వర్జ్యం, దుర్ముహూర్తం చూపించడం దాని అధికారిక బాధ్యత. దగ్గరికెళ్లి చూస్తే పాలు రాని రోజు చుట్టూ సున్నా, గ్యాస్ వచ్చిన రోజు దగ్గర "గ్యా", ఇస్త్రీకి ఇచ్చిన బట్టల లెక్క, ఎవరిదో తెలియని ఒక ఫోన్ నంబరు ఉంటాయి. ఆ నంబరు ఎవరిదో తెలియదు కాబట్టే ఏడాది అయిపోయినా క్యాలెండరును పారేయరు. రాహుకాలం విషయంలో మాత్రం ఇంట్లో ఒక మౌన ఒప్పందం ఉంది. సోమవారం రాహుకాలం 7.30 నుంచి 9 దాకా. స్కూలు బస్సు వచ్చేదీ, ఆఫీసుకు బయల్దేరేదీ సరిగ్గా అప్పుడే. ఆ వేళ క్యాలెండరు వైపు ఎవరూ తల తిప్పరు. అదే ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6 మధ్య, ఇష్టంలేని చుట్టాలింటికి బయల్దేరాల్సి వస్తే మాత్రం, ఇంటాయనకు ఒక్కసారిగా శాస్త్రం మీద గురి కుదురుతుంది.

ధవళేశ్వరం అనగానే కాటన్ దొర ఆనకట్ట గుర్తుకొస్తుంది. హార్లిక్స్ తయారయ్యే ఫ్యాక్టరీ కూడా ఆ ఊళ్లోనే పెట్టారు. అందులోంచి వచ్చిన గాజు సీసాల్లో మాల్టు పొడి ఉండేది నెలరోజులు, కందిపొడి ఉండేది పాతికేళ్లు. కొత్తలో కందిపొడికి కొంచెం హార్లిక్స్ వాసన వస్తుంది, అలవాటైపోతుంది. పెద్దవాళ్లకు ఇది తేలికే గానీ, పిల్లలకు ఫ్రీజరులో ఐస్‌క్రీమ్ డబ్బా తెరిచి తురిమిన కొబ్బరి చూడటం అంత తేలిక కాదు. వెనిల్లా బొమ్మ ఉంటుంది, "ఫ్యామిలీ ప్యాక్" అని రాసి ఉంటుంది, మూత తీస్తే కొబ్బరి. ఒకసారి మోసపోయిన పిల్లవాడు రెండోసారి కూడా తెరుస్తాడు. ఈసారి బఠాణీలు.

టూత్ బ్రష్షును మూడు నాలుగు నెలలకోసారి మార్చమని దంతవైద్యులు చెబుతారు. మారుస్తారు కూడా. అక్కణ్నుంచి దాని అసలు జీవితం మొదలవుతుంది. ముందు కుంకుడు రసంలో ముంచి గాజులు తోమడానికి, తర్వాత దువ్వెన పళ్ల మధ్య మట్టి తీయడానికి, ఆపైన తలకు రంగు వేయడానికి. కుచ్చు పూర్తిగా రాలిపోయాక కాడ మిగులుతుంది. కాడ చివర రంధ్రం ఉన్న రకమైతే లంగాకు బొందు ఎక్కించడానికి దాన్ని మించింది లేదు.

వంటింటి తలుపు వెనక వేలాడే కవర్ల కవరు విషయంలో మాత్రం తెలుగిళ్లకు అన్యాయం జరిగింది. చేతిపిడి ఉన్న ప్లాస్టిక్ సంచికి 1965లో స్వీడన్‌కు చెందిన సెల్లోప్లాస్ట్ కంపెనీ అమెరికాలో పేటెంటు తీసుకుంది. దాన్ని రూపొందించిన ఇంజినీరు స్టెన్ గుస్టాఫ్ థులిన్. కాగితపు సంచుల కోసం చెట్లు నరికేస్తున్నారన్న బాధతోనే ఆయన ఈ పని చేశాడనీ, ఒక సంచిని మడతపెట్టి జేబులో ఉంచుకుని మళ్లీ మళ్లీ వాడేవాడనీ ఆయన కొడుకు తర్వాత చెప్పాడు. ప్రపంచం ఆ మాట వినిపించుకోలేదు, ఒకసారి వాడి పారేసింది. థులిన్ మనసు తెలుసుకుని ప్రతి కవరునూ మడిచి పెట్టుకున్నది మన అమ్మలే, మనం వాళ్లను పిసినారులన్నాం.

ఆ కవర్లలో కులీనులు వేరు, సామాన్యులు వేరు. బట్టల కొట్టు సంచి పై అంతస్తు, పెళ్లిళ్లకు చీర పెట్టి ఇవ్వడానికే బయటికొస్తుంది. మందమైన కవరు ఊరెళ్లేటప్పుడు తడి తువ్వాలుకు. కూరగాయల కవరు చెత్తబుట్టకు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు వాడకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది. పల్చటివి ఇక దొరకవేమోనని ఉన్నవాటిని మరింత జాగ్రత్తగా మడిచి లోపలికి తోశారు. కవర్ల కవరు ఇంకా లావెక్కింది.

ఉద్యోగం మారిన వస్తువుల్లో అందరికన్నా ఖరీదైనది ట్రెడ్‌మిల్. దాని వంశం కూడా అంత మంచిది కాదు. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజినీరు ఖైదీల కోసం పెద్ద చక్రం ఒకటి రూపొందించాడు. మెట్లెక్కినట్టు దాని మీద గంటల తరబడి అడుగులేస్తూనే ఉండాలి, ఎంతసేపు ఎక్కినా ఉన్నచోటే ఉంటారు. కొన్ని జైళ్లలో దాంతో పిండి విసిరించేవారు, నీళ్లు తోడించేవారు. కొన్నిచోట్ల ఏ పనీ లేదు, ఉత్త శిక్ష. మరీ క్రూరంగా ఉందని 1898 నాటి జైళ్ల చట్టంతో ఆ శిక్షకు స్వస్తి చెప్పారు.

ఇంగ్లండుకు ఎనభై ఏళ్లు పట్టిన పని హైదరాబాదు ఫ్లాట్లలో మూడు వారాల్లో అయిపోతుంది. జనవరిలో వస్తుంది, సంక్రాంతి అరిసెల మీద అపరాధభావంతో నాలుగు రోజులు నడుస్తారు, ఫిబ్రవరి కల్లా హ్యాండిల్ మీద మొదటి తువ్వాలు పడుతుంది. తర్వాత చొక్కాలు, చున్నీలు, పిల్లల యూనిఫారాలు. వర్షాకాలంలో దాని సేవ మరీ గొప్పది, బాల్కనీలో ఆరని బట్టలు కూడా ఫ్యాను కింద దాని మీద ఆరిపోతాయి. షుగరు పెరిగిందని డాక్టరు రోజూ నడవమన్నప్పుడు ఇంటాయన ఇక తప్పదని తెల్లవారుజామున లేస్తాడు. ట్రెడ్‌మిల్ మీద ఆరేసిన టీషర్టు తీసి వేసుకుని, షూ లేసులు కట్టుకుని, నడవడానికి కాలనీ పార్కుకు బయల్దేరతాడు.