నూట యాభై మిల్లీలీటర్ల పెద్దమనిషి

కాజీపల్లి పారిశ్రామికవాడలో ఎవరు ఎన్ని ఇడ్లీలు తిన్నారన్నది క్యాంటీన్ వాడికి తప్ప ఎవరికీ పట్టదు. స్లీవ్ సారు తింటుంటే మాత్రం చుట్టుపక్కల నాలుగు టేబుళ్ళ వాళ్ళు చెయ్యి ఆపి చూస్తారు. ఆయన ఒక ఇడ్లీని ఎనిమిది ముక్కలు చేస్తాడు. ఒక్కో ముక్కను పాతిక ముప్పై సార్లు నములుతాడు. మూడో ముక్క దగ్గర ఆగి, లోపల్నుంచి ఏదో కబురు రావాల్సి ఉందన్నట్టు కళ్ళు అరమూసి కూర్చుంటాడు. ఆ కబురు వచ్చేలోపు భోజన విరామం అయిపోతుంది.

స్లీవ్ సారంటే ఒక్క మనిషి కాదు, ఒక జాతి. బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి వైపు బల్క్ డ్రగ్ కంపెనీల్లో వెతికితే ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. వయసు నలభై దాటి ఉంటుంది. సొంతూరు కృష్ణా జిల్లానో గుంటూరు జిల్లానో అయి ఉంటుంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, రెండేళ్ళు అనుభవం సంపాదించుకుని పోదామని వచ్చి, మియాపూర్‌లో ఫ్లాటు కొనుక్కుని ఇక్కడే పాతుకుపోయి ఉంటాడు. ఏ, బీ, సీ షిఫ్టుల్లో అకాలంగా తిని, అకాలంగా పడుకుని, ప్రొడక్షన్‌తో పాటు పొట్టనీ పెంచుకున్నవాడు.

బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని కోయించుకునే ఆ స్లీవ్ ఆపరేషన్‌కి ముందు ఆయనొక పురాణపురుషుడు. సీ షిఫ్టులో మిర్చి బజ్జీల పొట్లం ఒక్కడే లాగించాడని, ఇస్నాపూర్ దాబాలో వెయిటర్ "ఇంకెంతమంది వస్తున్నరు సార్" అని అడిగాడని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. ఇంట్లో కాంటాను ఆయన నమ్మడు. గోడౌన్‌లో డ్రమ్ములు తూచే కాంటాకి రోజూ కాలిబ్రేషన్ జరుగుతుంది కాబట్టి దానిమీదే నిలబడేవాడు. 118 కిలోలు చూపించింది. పక్కనున్న స్టోర్స్ కుర్రాడు అలవాటు ప్రకారం, "ఇది గ్రాస్ వెయిట్ సార్, టేర్ తీసేస్తే నెట్ తక్కువే ఉంటది" అని ఓదార్చాడు. ఆ టేరు తీయించుకోవడానికే ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు.

వెళ్ళడానికి కారణాలు లేకపోలేదు. షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే గురక. కంపెనీ బస్సులో ఆయన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ఎత్తుకీ బరువుకీ లెక్క కట్టిన బీఎంఐ 42. బీమా నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన నిబంధనల ప్రకారం 40 దాటినవాళ్ళకి, లేదా 35 దాటి షుగరులాంటి తీవ్రమైన జబ్బులున్నవాళ్ళకి, డాక్టరు సలహామీద చేసే ఈ ఆపరేషన్‌ని పాలసీలు తోసిపుచ్చడానికి లేదు. బతుకులో మొదటిసారి తన పొట్ట ఒక అర్హత పరీక్ష పాసైందని ఆయన మురిసిపోయాడు.

"భయం వేయలేదా సార్?" అని అడిగితే పెద్దల పేర్లు తీస్తాడు. 2011లో నితిన్ గడ్కరీ బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాడు, 2014లో అరుణ్ జైట్లీ ఆర్థికమంత్రిగా ఉండగానే చేయించుకున్నాడు అంటాడు. "వాళ్ళవి ఢిల్లీ దావత్‌లు సార్, మీది క్యాంటీన్ సాంబారేనాయె" అంటాడు బాయిలర్ ఆపరేటరు. సారు దానికి జవాబు చెప్పడు. నమలడంలో ఉంటాడు.

ఆపరేషన్ గురించి అడగకపోయినా చెబుతాడు, అదీ ప్లాంటు భాషలోనే. పొట్టమీద నాలుగైదు చిన్న రంధ్రాలు పెడతారు. కోస్తూనే కుట్టుకుపోయే స్టేప్లరుతో జీర్ణాశయంలో 75, 80 శాతం తీసేస్తారు. లీటరు పైన పట్టే సంచి పోయి, 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే సన్నని గొట్టం మిగులుతుంది. "లోకంలో ఏ ప్రాసెస్ అయినా ల్యాబులో ఫ్లాస్క్ దగ్గర మొదలై ప్లాంటులో రియాక్టర్‌కి వెళుతుందండీ. నాది రియాక్టర్ నుంచి ఫ్లాస్క్‌కి వచ్చింది" అంటాడు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరేది ఆ కోసేసిన భాగంలోనేనట. "ఆ బ్లాకు మొత్తం షట్‌డౌన్" అని ముగిస్తాడు. మొదట్లో ఈ స్లీవ్‌ని, మరీ భారీకాయులకి పెద్ద ఆపరేషన్ చేసే ముందు తొలిమెట్టుగా మాత్రమే చేసేవారు. చాలామంది దాంతోనే తగ్గిపోవడంతో అదే అసలు ఆపరేషన్ అయి కూర్చుంది. "ఇంటర్మీడియట్ అనుకున్నది ఫైనల్ ప్రొడక్ట్ అయిందండీ" అని చెప్పేటప్పుడు ఆయన ముఖంలో, బ్యాచ్ పాసైనప్పుడు ఉండే వెలుగు కనిపిస్తుంది.

ఇంటికొచ్చాక మొదటి వారాలు అన్నీ నీళ్ళే. మజ్జిగ తేట, పప్పుకట్టు, కొబ్బరినీళ్ళు. ఊరినుంచి వచ్చిన తల్లి ఆ గ్లాసు చూసి, "ఒరేయ్ నాన్నా, డబ్బులిచ్చి మరీ పస్తులుంటున్నావేంట్రా" అని కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తగా ఉడికినవి, చివరికి మామూలు తిండి. పెరుగన్నం సాఫీగా జారింది గానీ పొడన్నం, చపాతీ గొంతు కింద ధర్నాకి కూర్చున్నాయి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా ముట్టకూడదు. గుంటూరు గోంగూర పచ్చడి నాకి, నీళ్ళు తాగకుండా అరగంట ఉండటం ఏ తపస్సుకీ తీసిపోదు. మిగతా పొద్దంతా గుక్కెడు గుక్కెడుగా లీటరున్నర, రెండు లీటర్లు తాగాలి. ప్రొడక్షన్ ఏరియాలో నీళ్ళసీసా నిషిద్ధం. అందుకని గౌను విప్పి, షూ కవర్లు తీసి, బయటికొచ్చి ఒక గుక్క తాగి, మళ్ళీ అన్నీ తొడుక్కుని లోపలికి పోతాడు. గౌన్లు ఇచ్చే కుర్రాడికి ఆయన నీడ కనిపిస్తే చాలు, చెయ్యి అరమీదికి పోతుంది.

ఇక తుమ్ము. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో కొందరికి కడుపు నిండగానే ఎక్కిళ్ళు వస్తాయి, లేదా ముక్కు కారుతుంది, లేదా తుమ్ము వస్తుంది. సారుకి తుమ్ము. ఆయన తుమ్మగానే, "సార్ ఫుల్లు, ఇగ ప్లేటు తీయిండ్రి" అని కేక వేస్తారు. లోపలి కబురు అలా బయటికొస్తుంది. కానీ మన దేశంలో తుమ్ముకి ఇంకో అర్థం కూడా ఉంది. అమెరికా ఆడిటర్లను తీసుకురావడానికి ప్లాంట్ హెడ్డు ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతున్నాడు. కారు డోరు తీశాడో లేదో, పక్క గదిలో ఉడికిన గుడ్డు తింటున్న సారు హాచ్ మన్నాడు. హెడ్డు వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వెళ్ళాడు. ఆ ఆడిట్‌లో వచ్చిన ప్రతి అభ్యంతరానికీ మూలకారణం సారు గుడ్డేనని ఇప్పటికీ కొందరి నమ్మకం.

గుడ్డంటే గుర్తొచ్చింది, ఇప్పుడు ఆయన లోకాన్ని గుడ్లలో కొలుస్తాడు. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీను కావాలి, గుడ్డుకి 6 గ్రాములు. గిన్నెడు పప్పు ఒక గుడ్డు, చికెన్ ముక్కలు మూడు గుడ్లు. పెళ్ళి శుభలేఖ ఇచ్చినా ఎన్ని గుడ్ల భోజనమో అంచనా కడతాడు. జేబులో మాత్రల డబ్బా ఉంటుంది. బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిను జీవితాంతం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలు ఎడం ఉండాలి. షుగరు మాత్ర మాత్రం డాక్టరు ఆపించేశాడు. ఇరవై ఏళ్ళుగా షుగరు మందు ముడిసరుకు చేసిన చేతులు కదా, "కంపెనీకి ఒక కస్టమర్‌ని పోగొట్టానండీ" అని కాస్త నొచ్చుకున్నట్టే అంటాడు.

బరువు తగ్గడంలో కష్టాలు ఒకటా రెండా. ఐడీ కార్డులో ఫొటో పాతది. కొత్తగా వచ్చిన సెక్యూరిటీ గార్డు కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూసి, "ఈ ఫొటోల ఉన్న సార్ ఎటువోయిండు?" అని నిలేశాడు. యూనిఫాం ఏడాదికి రెండు జతలే. ఎల్ సైజు చేతికొచ్చేసరికి ఆయన ఎమ్‌కి దిగిపోయాడు. నాలుగో నెలలో జుట్టు రాలింది. ఒంట్లో బరువు వేగంగా పడిపోతే అలా రాలడం, తర్వాత మొలవడం మామూలేనని డాక్టరు ముందే చెప్పాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. "కాజీపల్లి బోరు నీళ్ళు సార్, ఎవ్వని నెత్తిమీద ఉంచుతయి?" అన్నారు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకి కేసు వెళ్ళిన ప్రాంతమిది. ఇక్కడ వెంట్రుక రాలినా, చేప చచ్చినా మొదటి అనుమానం కంపెనీ మీదే. సారు కంపెనీ మనిషి. అటు నీళ్ళ తప్పని ఒప్పుకోలేడు, ఇటు ఆపరేషన్ తప్పని అనలేడు. టోపీ కొనుక్కున్నాడు.

పొద్దున్నే కాజీపల్లి అడవి అంచున నడుస్తాడు. 2020లో ఆ రిజర్వు ఫారెస్టు 1,650 ఎకరాలని నటుడు ప్రభాస్ దత్తత తీసుకుని, తండ్రి పేరిట పార్కు కోసం 2 కోట్లు ప్రకటించాడు. "అడవికైతే హీరో దొరికాడు, నా పొట్టకి సర్జనే దిక్కయ్యాడు" అనుకుంటూ కంచె వెంట చేతులు ఊపుకుంటూ పోతాడు. ఎదురొచ్చినవాళ్ళు ఊరుకోరు కదా. 2025లో బరువు తగ్గించే సూదులు మౌంజారో, వెగోవీ మన బజారుకి వచ్చినప్పటినుంచీ ప్రతివాడూ అదే ప్రశ్న: "సూది వచ్చింది గద సార్, ఊకె కోయించుకుంటివి?" ఆ మాట విన్న రోజు ఆయన నడక రెండు రౌండ్లు ఎక్కువ.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది దావత్.

మన దగ్గర ప్రేమకి కొలత గరిటె. కొసరి కొసరి వడ్డించకపోతే వడ్డించినట్టు కాదు, వద్దు వద్దంటూనే తినకపోతే తిన్నట్టు కాదు. అలాంటిచోట సారు బగారన్నం రెండు చెంచాలు, మటన్ రెండు ముక్కలు పెట్టించుకుని కూర్చున్నాడు. ఇంటి యజమాని వచ్చాడు. "గంతేనా సార్? కూర మంచిగ కాలేదా?" సారు ఆపరేషన్ సంగతి చెప్పాడు. "అయ్యో, కడుపు కోసిండ్రా! అయితే బలం రావాలె, ఇగో ఈ నల్లి బొక్క వేసుకోండ్రి" అని ఆయన ఇంకో గరిటె వేశాడు. తప్పించుకోబోతే మిఠాయి వచ్చింది. తీపి ఎక్కువైతే గుండె దడ, చెమటలు. తినకపోతే యజమానికి గుండె దడ, చెమటలు.

రెండు మూడు దావత్‌ల తర్వాత సారుకి ఉపాయం తట్టింది. ఆపరేషన్ మాట ఎత్తకుండా "ఉపవాసం" అన్నాడు. అంతే, గరిటె వెనక్కిపోయింది, చేతులు జోడించారు. మన జనం డాక్టరు మాట వినరు గానీ దేవుడి మాటకి అడ్డు రారు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న. బుధవారం సంకష్టహర చతుర్థి అని ఒకసారి నెట్టుకొచ్చాడు. ఆదివారం ఉపవాసమంటే మాత్రం సంగారెడ్డి జిల్లాలో ఎవ్వడూ నమ్మడు కాబట్టి, ఆ రోజు బీ షిఫ్టు వేయించుకునేవాడు. అలా జన్మలో ఒక్కపొద్దు ఉండని మనిషి మహాభక్తుడిగా పేరుపడ్డాడు. చివరికి బొంతపల్లి వీరభద్రస్వామి జాతరలో అన్నదానం పంక్తి ఆయనకే అప్పగించారు. 150 మిల్లీలీటర్ల మనిషి వందలమందికి గరిటె పట్టాడు. చూసినవాళ్ళు చెప్పారు: "చారెడు తింటే చాలు" అని ఊరంతా బోధించే సారు, ఆ రోజు ప్రతి విస్తరి దగ్గరా వంగి, "అదేంటండీ, అంతేనా? ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి" అంటూ ఒక్కర్నీ వదల్లేదట.

క్యాంటీన్‌లోనూ అదే వరస. తను తినలేని వడ, గుడ్డు, సగం ఇడ్లీ ఎదుటి సీట్లో జూనియర్ కెమిస్టు ప్లేటులోకి తోసేవాడు. ఏడాది తిరిగేసరికి సారు 84కి దిగాడు, కుర్రాడు 80 దాటాడు. ఇద్దర్నీ గోడౌన్ కాంటామీద నిలబెట్టి స్టోర్స్ కుర్రాడే తేల్చాడు: "మెటీరియల్ బ్యాలెన్స్ టాలీ అయింది సార్."

మూడో ఏట కాంటా మళ్ళీ పైకి కదిలింది. 84 కాస్తా 89. సారు డ్రాయరులో అటుకుల చుడువా పొట్లం దొరికింది. ఆ సన్న గొట్టం పొడన్నాన్ని ఆపగలదు గానీ, అరగంటకోసారి నోట్లో వేసుకునే పిడికెడు చుడువానీ, కరిగి జారిపోయే ఐస్‌క్రీమునీ ఆపలేదు. సర్జన్ కోసింది జీర్ణాశయాన్నే. నాలుక, చుట్టుపక్కల గరిటెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. సారు పొట్లం స్టోర్స్‌కి సరెండర్ చేసి, మళ్ళీ డైటీషియన్ దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళాడు కాబట్టే ఆయన్ని నేను పెద్దమనిషి అంటున్నాను.

మీ ఇంటి దావత్‌కి ఇలాంటి మనిషి వస్తే ఒక చిన్న ప్లేటు ఇవ్వండి, అందరికంటే అరగంట ముందు కూర్చోబెట్టండి, వడ్డించాక గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడకండి. ఆయన తుమ్మితే మీ ప్రయాణానికి దోషమేమీ లేదు, ఆయన భోజనం అయిందని అర్థం.