ఎం5 ముట్టుకోవద్దు

తెలుగువాడికి కరెంటు అంటే ఒకటి కాదు. తీగలో పారేదీ కరెంటే, నెలకోసారి బిల్లుగా వచ్చేదీ కరెంటే, నాలుగు చినుకులు పడగానే పోయేదీ కరెంటే. వోల్టేజీ పెరిగి టీవీ కాలిపోయినా “కరెంటు ఎక్కువొచ్చింది” అంటాం, తగ్గి ఫ్యాను నీరసంగా తిరిగినా “కరెంటు డిమ్ముగా ఉంది” అంటాం. వోల్టులూ ఆంపియర్లూ ఉమ్మడి కుటుంబమనీ, వాళ్లింకా వేరు కాపురాలు పెట్టలేదనీ మన గట్టి నమ్మకం. ఈ నమ్మకంతో బతికేవాళ్ల చేతికి, వోల్టులకు ఒక అంకె, ఆంపియర్లకు ఒక అంకె వేరువేరుగా గుర్తుపెట్టుకునే యంత్రాన్ని ఇస్తే ఏమవుతుందో మా షెడ్డులో చూశాను.

యంత్రం పేరు డీసీ పవర్ సప్లై. ఈసీఈ చదివినవాళ్లకు ఆర్పీఎస్ అంటే చాలు, ల్యాబ్ రికార్డుకు అట్టలేసుకున్న రోజులు కళ్లముందు తిరుగుతాయి. 0 నుంచి 30 వోల్టులు, ముతకగా తిప్పడానికి ఒక నాబ్, సన్నగా సర్దడానికి ఇంకో నాబ్. ఆ పాత పెట్టెకు జ్ఞాపకశక్తి లేదు. పొద్దున బ్యాచ్‌వాడు ఎక్కడ వదిలేస్తే మధ్యాహ్నం బ్యాచ్‌కు అక్కడే మొదలు. అందుకే ల్యాబ్ అసిస్టెంటు గారు మనం క్లిప్పు పట్టుకోగానే “ముందు సున్నాకి తిప్పు!” అని కేకేసేవారు. సున్నా నుంచి అయిదు దాకా నాబ్ తిప్పుతున్నంతసేపూ కన్ను ముల్లు మీదే ఉండాలి, వేరే దారి లేదు. అయినా నమ్మకం లేక మల్టీమీటరు పెట్టి మళ్లీ చూసుకునేవాళ్లం. డయోడ్లు కాల్చలేదని అనను. కాల్చినప్పుడు మాత్రం ఎవరు కాల్చారో అందరికీ తెలిసేది.

ఇప్పటి పెట్టెలకు జ్ఞాపకం వచ్చింది. ఇది నిన్నమొన్నటి సంగతేమీ కాదు. కొలత పరికరాలకు కంప్యూటర్ నుంచి ఆజ్ఞలు ఎలా ఇవ్వాలో చెప్పే ఐట్రిపుల్‌ఈ 488.2 అనే ప్రమాణం 1987లోనే వచ్చింది. అందులో సెట్టింగులు దాచడానికి ఒక ఆజ్ఞ, దాచినవి వెనక్కి రప్పించడానికి ఇంకో ఆజ్ఞ ఉన్నాయి. రెండోదాని పేరు రీకాల్. ఎమ్మెల్యేని వెనక్కి పిలిచే బటన్ మనకు ఇప్పటికీ లేదు కానీ, నాలుగు వోల్టుల్ని వెనక్కి పిలిచే ఏర్పాటు మాత్రం అప్పుడే జరిగిపోయింది.

మేం చర్లపల్లి వైపు ఒక రేకుల షెడ్డులో మోటారు స్టార్టర్ బోర్డులు చేస్తాం. రైతు ఇంట్లో మంచం మీదినుంచే ఫోన్ కొడితే పొలంలో మోటారు తిరుగుతుంది, అదీ సరుకు. బోర్డులో ఒక సిమ్ కార్డు, దాన్ని మోసే జీఎస్ఎం మాడ్యూల్, మోటారుకు సైగ చేసే రిలే ఉంటాయి. కిందటి దసరాకు ముందు ఓనరు గారు 30 వోల్టులు, 5 ఆంపియర్ల కొత్త పవర్ సప్లై తెచ్చారు. ముందు భాగాన ఎం1 నుంచి ఎం5 దాకా అయిదు మెమరీ బటన్లు. ఆయుధ పూజ కూడా అందులోనే కలిసిపోయింది. బటన్లకు ఒక్కొక్కదానికి కుంకుమ బొట్టు పెట్టబోతే డిజైన్ సార్ అడ్డుపడి, బొట్టును పెట్టె నెత్తికి మార్పించారు.

బటన్లు అయిదు, మనుషులం ఏడుగురం. ఇక చెప్పేదేముంది, రాజకీయం మొదలైంది.

సీనియారిటీ మీద ఎం1 డిజైన్ సార్‌కు పోయింది. ఎక్కువసేపు వాడేది తానే కాబట్టి ఎం2 తనకు రావాలని టెస్టింగ్ మేడమ్ వాదించి తీసుకున్నారు. పన్నెండు వోల్టుల రిలే బోర్డులు చూసే సర్వీసు అన్న ఎం3 మీద కర్చీఫ్ వేశాడు. ఎం4ను ఉమ్మడి ఆస్తిగా తీర్మానించారు. ఊరుమ్మడి చెరువుకు ఏ గతి పడుతుందో దానికీ అదే పట్టింది. పొద్దున 9 వోల్టులు, మధ్యాహ్నం 24, సాయంత్రం ఎవరి ఓపిక వాళ్లది. ఎం5 మాత్రం ఓనరు గారు తనకు ఉంచుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. మర్నాడు దాని కింద తెల్ల స్టిక్కరు వెలిసింది: ‘ముట్టుకోవద్దు’. పగలు బోర్డులు అతికిస్తూ రాత్రి కాలమ్ రాసుకునే నాకు బటన్ దక్కలేదు. “నీకు మెమరీ దేనికిలే, ఎలాగూ కల్పించి రాస్తావు కదా” అన్నారు మేడమ్.

డిజైన్ సార్ ఎం1లో 4.00 వోల్టులు, 0.50 ఆంపియర్లు దాచుకున్నారు. అందులో తప్పేమీ లేదు, తెలివైన పని. కొత్తగా అతికించిన బోర్డులో ఎక్కడ షార్ట్ ఉందో దేవుడికే తెలుసు. కరెంటు లిమిట్ తక్కువ పెట్టి ఆన్ చేస్తే, షార్ట్ ఉన్నా అర ఆంపియరుకు మించి పారదు, బోర్డు బతుకుతుంది. మేడమ్ ఎం2లో అవే 4.00 వోల్టులు, కానీ 3.00 ఆంపియర్లు. ఆమె దగ్గరికొచ్చేది సిమ్ వేసిన బోర్డు. ఆ మాడ్యూల్ 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య బతుకుతుంది, టవర్‌తో మాట్లాడేటప్పుడు ఒక్క గుటకలో రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది.

సంక్రాంతికి మేడమ్ సెలవు పెట్టారు. ఆమె కుర్చీలో కొత్తగా చేరిన కుర్రాడు కూర్చున్నాడు. బటన్లు చూశాడు. ఒకటి నుంచే కదా మొదలుపెట్టాలి, ఎం1 నొక్కాడు. తెర మీద 4.00 వచ్చింది. టెస్టింగ్ కాగితం మీద కూడా 4 వోల్టులనే ఉంది. ఇక అనుమానం ఎందుకు?

ఆ రోజు నుంచి మా బోర్డులకు సిగ్నల్ పోయింది. ఆన్ అవుతాయి, లైటు వెలుగుతుంది, నెట్‌వర్క్ వెతుక్కోవడం మొదలుపెట్టగానే ఆరిపోయి మళ్లీ మొదటికి వస్తాయి. మా షెడ్డులో తప్పు మా షెడ్డులోనే ఉండొచ్చన్న ఆలోచన రావడానికి సగటున మూడు రోజులు పడుతుంది. మొదటి రోజు సిమ్ కార్డులను తిట్టాం. రెండో రోజు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు సంగీతం వినిపించారు. సర్వీసు అన్న “టవరే ఖరాబైంది సార్, మా అత్తగారింట్ల కూడా గిట్లనే ఉంది” అని సాక్ష్యం చెప్పాడు. మూడో రోజు ఎవరో ఒక బోర్డును వైర్లతో సహా కిటికీ దగ్గరికి లాగారు, అక్కడ అది పనిచేసింది! ఇంకేముంది, టవర్ నేరం రుజువైపోయింది. సిగ్నల్ బాగున్న చోట మాడ్యూల్ గొంతు తగ్గించి మాట్లాడుతుందనీ, అందుకే తక్కువ తింటుందనీ, ఆ తక్కువ అర ఆంపియరులో సర్దుకుందనీ అప్పుడు ఎవరికీ తట్టలేదు. బెంచీనే కిటికీ దగ్గరికి మార్చడానికి ఓనరు గారు వడ్రంగికి కబురు పెట్టారు.

మరి మీటరు చెప్పలేదా? చెప్పింది. పావు ఆంపియరు, అంతకు కాస్త అటూ ఇటూ చూపించింది. అయిదు ఆంపియర్ల పెట్టె, వాడుతున్నది పావు, ఇంకా బోలెడు మిగిలే ఉంది కదా అని డిజైన్ సార్ కూడా ధీమాగా తల ఊపారు. కిటుకంతా ఇక్కడే. 2జీ ఫోను టవర్‌తో ఏకధాటిగా మాట్లాడదు. 4.6 మిల్లీసెకన్లకోసారి తన వంతు వస్తుంది, ఆ వంతు దాదాపు 0.58 మిల్లీసెకన్లు. అంటే ఎనిమిదో వంతు కాలం రెండు ఆంపియర్లు లాగి, మిగతా ఏడు వంతులూ నోరు మూసుకుని కూర్చుంటుంది. రెండును ఎనిమిదితో భాగిస్తే పావు. మీటరు కన్ను అంత వేగంగా కొట్టుకోదు కాబట్టి సగటు చూపిస్తుంది. పెళ్లి భోజనంలో ఒక్కడే ఎనిమిది లడ్డూలు తిని, ఏడుగురు ఖాళీ విస్తరాకులు చూస్తూ కూర్చుంటే, తలా ఒక లడ్డూ అందిందని రాసే మనిషి ఈ మీటరు. తలసరి ఆదాయం లెక్కలు వచ్చినప్పుడల్లా నాకు ఈ పెట్టె గుర్తొస్తుంది.

పైగా మా పెట్టెకు ఇంకో గుణం ఉంది. అవుట్‌పుట్ ఆపి ఉన్నప్పుడే తెర మీద మనం పెట్టిన లిమిట్ కనిపిస్తుంది. ఆన్ చేయగానే ఆ చోటులో బోర్డు తాగుతున్న కరెంటు అంకె వచ్చి కూర్చుంటుంది. అంటే ఎన్నికల్లోలాగా ముందే చూసుకోవాలి, తర్వాత కనిపించేది వేరు. కుర్రాడు అవుట్‌పుట్ ఆన్‌లోనే ఉంచి రోజంతా బోర్డులు మారుస్తున్నాడు. 0.50 అనే అంకె ఆ మూడు రోజుల్లో ఏ మనిషి కంటా పడలేదు.

నాలుగో రోజు మేడమ్ అరిసెల డబ్బాతో వచ్చారు. డబ్బా బల్ల మీద పెట్టి, అవుట్‌పుట్ ఆపి, కుడిపక్క అంకె వైపు వేలు చూపించారు. “ఇదెవరిది తమ్ముడూ?”

“ఎం1 మేడమ్.”

“అదే, ఎవరిదీ అని.”

కుర్రాడు డిజైన్ సార్ వైపు చూశాడు. డిజైన్ సార్ అరిసెల వైపు చూశారు. వడ్రంగి అప్పటికే కొలతలు తీసుకుంటున్నాడు.

సమీక్షా సమావేశం జరిగింది. జరగకపోతే తప్పెవరిదో తేలిపోతుంది కాబట్టి జరగాల్సి వచ్చింది. గంటన్నర చర్చించి, సెట్టింగుల రిజిస్టరు పెట్టాలని తీర్మానించాం. తేదీ, బటన్, నొక్కినవారి సంతకం, ధ్రువీకరించినవారి సంతకం. వోల్టులు రాయడానికి ఒక గడి ఉంది. ఆంపియర్లకు గడి గీయడం మరిచిపోయారు. “సార్, బటన్ నొక్కాక రెండు అంకెలూ చూసి అప్పుడు ఆన్ చేస్తే సరిపోతుంది కదా” అని కుర్రాడు మెల్లగా అన్నాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు సమావేశాల్లో మాట్లాడకూడదని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

రిజిస్టరు పెట్టిన వారానికే సర్వీసు అన్న వంతు. ఎం2 పక్కనే ఎం3. క్లిప్పుల చివర మేడమ్ గారి నాలుగు వోల్టుల బోర్డు ఉంది, ఆయనేమో తన రిలే బోర్డే ఉందనుకుని నొక్కాడు. కొన్ని పెట్టెలు సెట్టింగు మారేటప్పుడు ముందు అవుట్‌పుట్ ఆపి, ఆ తర్వాత మారతాయి. మాది అంత మొహమాటస్తురాలు కాదు, ఆన్‌లో ఉండగానే నాలుగు నుంచి పన్నెండుకు ఎగిరింది. మాడ్యూల్ మీంచి సన్నటి పొగ లేచి, షెడ్డంతా కాలిన వాసన వేసింది. రిజిస్టరు తెరిచి చూస్తే రెండు సంతకాలూ పక్కాగా ఉన్నాయి. ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్ అనే బటన్ కూడా ఆ పెట్టెకు ఉంది. కొన్నప్పటి ప్లాస్టిక్ పొర ఇప్పటికీ దాని మీద చెక్కుచెదరలేదు.

ఇక నా సంగతి. కిందటి శుక్రవారం రాత్రి షెడ్డులో ఒక్కణ్నే ఉన్నాను. పన్నెండు వోల్టుల పని పడింది. ఎం3ని నమ్మే ధైర్యం లేదు, ఎం4లో ఎవరి పాపం ఉందో తెలియదు. చేయి స్టిక్కరు వైపు పోయింది. ముట్టుకోవద్దు అని రాసి ఉంటే ముట్టుకోకుండా ఉండగలిగే జాతి కాదు మనది. అవుట్‌పుట్ ఆపి ఎం5 నొక్కాను. 13.80 వోల్టులు, 2.00 ఆంపియర్లు. ఒక్క క్షణం ఏ రహస్య ప్రాజెక్టోనని ఒళ్లు జలదరించింది. మరుక్షణం బల్ల కింద రెండు పెద్ద క్రొకడైల్ క్లిప్పులూ, వాటికంటిన తెల్లటి పొడీ కనిపించాయి. 13.8 లెడ్ యాసిడ్ బ్యాటరీకి పెట్టే వోల్టేజీ. ఓనరు గారు ఆదివారాలు ఆఫీసు పని ఉందంటూ వచ్చేది కారు బ్యాటరీని చార్జి చేసుకోవడానికన్నమాట.

ఆయన ఇష్టం, ఆయన పెట్టె. నేను నాబ్‌ను 12.00కి తిప్పి, నా పని చూసుకుని, ఎం5 మళ్లీ నొక్కాను, ఎలా ఉన్నదాన్ని అలా వదిలేద్దామని. 12.00 అని వచ్చింది. ఇంకోసారి నొక్కాను. 12.00. మాన్యువల్ వెతికి తీస్తే అప్పుడు తెలిసింది: మా మోడల్లో ఏ బటన్ మీద ఉండి నాబ్ తిప్పితే, ఆ అంకె ఆ బటన్‌లోకే పోయి కూర్చుంటుంది. దాచమని విడిగా చెప్పక్కర్లేదు. ఎం4 గోల ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. 13.80కి మళ్లీ తిప్పేద్దామనుకుంటుండగా కరెంటు పోయింది. అరగంట చూసి ఇంటికి వెళ్లిపోయాను.

ఆదివారం ఓనరు గారు వచ్చి, ఎప్పట్లాగే ఎం5 నొక్కి, అవుట్‌పుట్ ఆన్ చేసి వెళ్లారట. పన్నెండు వోల్టులకు కాస్త పైనే ఉన్న బ్యాటరీలోకి పన్నెండు వోల్టుల పెట్టె నుంచి ఏం పారుతుంది? సాయంత్రం వచ్చి చూస్తే తెర మీద 0.00 ఆంపియర్లు. బ్యాటరీ నిండిపోయిందని సంతోషించి విప్పుకుని వెళ్లారు.

ఇది రాస్తున్న సోమవారం ఉదయం ఆయన ఆటోలో వచ్చారు. ఇప్పుడు అద్దాల గదిలో నిలబడి బ్యాటరీ షాపు అతన్ని ఫోన్లో కడిగేస్తున్నారు. గ్యారంటీ ఇంకా ఎనిమిది నెలలు ఉందట, కొత్తది ఇస్తావా ఇవ్వవా అని అడుగుతున్నారు. కుర్రాడు నావైపు చూస్తున్నాడు. నేను చేతిలో ఉన్న బోర్డు మీద టంకం సరిగ్గా అతుక్కుందో లేదో చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాను.